జడలబావి దగ్గర రెండు సూదులు

రాజుపాలెం నుంచి జమ్మలమడుగు వైపు పోయే పాత బండ్లబాటలో, మా ఊరికి కోసెడు దూరాన ఒక దిగుడుబావి ఉంది. పేరు జడలబావి. ఇప్పుడు తారురోడ్డు పడి ఆ బాట మూలబడింది గానీ, మా కాలంలో పొద్దు గుంకితే ఎద్దులు కూడా అటు పోమని మొరాయించేవి. దెయ్యమూ లేదు గియ్యమూ లేదు, అక్కడ ఎత్తు ఎక్కలేక మొరాయిస్తాయి అనేవాడు మా నాయన. అట్లా అన్న మనిషి కూడా చీకటిపడ్డాక ఆ బాటన పోయింది నేనెరగను.

ఎప్పటి మాటో ఎవరికీ తెలియదు. ఒక ఇల్లాలు సీకాయతో తలంటుకుని, మోకాళ్ళ దాకా దిగిన జుట్టును జాడించుకుందామని ఆ బావి మెట్లు దిగిందట. పాచి పట్టిన మెట్టు... కాలు జారింది. మనిషిని పైకి తీశారు గానీ, రాళ్ళ సందుల్లో చిక్కుకున్న జుట్టు మాత్రం ఊడి రాలేదట. అక్కడే నిలిచిపోయిందట. నిలిచి ఊరుకుందా — ఇప్పటికీ నీళ్ళలో పెరుగుతూనే ఉందని చెప్పుకునేవాళ్ళు.

దానికి గుర్తులు కూడా చెప్పేవాళ్ళు. వానలు వెనకబట్టిన కార్తీకంలో నల్లరేగడి చేల నిండా కీచురాళ్ళు చెవులు చిల్లులు పడేటట్టు అరుస్తాయి కదా... ఆ బావి చుట్టూ మాత్రం ఒక్కటీ అరవదు. చీకట్లో చెవి పెట్టి వింటే, బావిలోకి ఎవరో దూకుతున్న చప్పుడు. తప్... అని. కొంచెంసేపు ఏమీ ఉండదు. మళ్ళీ... తప్. తెల్లారి పోయి చూస్తే నీళ్ళలో నల్లటి వెంట్రుకలు ఉంటాయి. గాలి లేకపోయినా అవి కదులుతుంటాయి.

కంటితో చూశామన్నవాళ్ళు మా ఊళ్ళో ఇద్దరు. ఒకడు పచ్చి అబద్ధాలకోరు. రెండోవాడు మా మేనమామ, మొదటివాడికి గురువు. కాబట్టి నేనేమీ నమ్మలేదు. నమ్మని నన్ను ఆ బావే వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చింది.

ఇప్పుడు చెప్పబోయేదాంట్లో సగం దస్తగిరి మామ నోట విన్నది, సగం నేను చూసింది. విన్న సగంలో ఉప్పూకారం ఎక్కువైతే ఆ పాపం నాది కాదు. మామ ఈ కథ నాకు మూడుసార్లు చెప్పాడు. మొదటిసారి దారిలో ఒక నక్క అరిచింది. మూడోసారికి నక్కలు ఏడయ్యాయి.

దస్తగిరిది ప్రొద్దుటూరు. చుట్టం కాదు, వరస కలిపి మామా అనేవాళ్ళం. సవరాలు కట్టే మనిషి. భుజాన గోనెసంచి, చేతిలో సూదులూ పిన్నీసులూ రిబ్బన్లూ ఉన్న రేకుడబ్బా. “చిక్కెంటికలకు సూదులమ్మా...” అని రాగం తీస్తూ ఊరూరా తిరిగేవాడు. దువ్వుకున్నప్పుడు ఊడిన వెంట్రుకలను మా ఆడవాళ్ళు ఉండ చుట్టి చూరులో దోపి పెట్టేది ఆయన కోసమే. ఉండకు రెండు సూదులో, ఒక పిన్నీసో ఇచ్చి తీసుకుపోయి, చిక్కు విడదీసి, కడిగి, పొడుగును బట్టి ఏరి, దారంతో అల్లి సవరం చేసేవాడు. ఈ పనిలో ఆయనకొక నియమం ఉండేది. ఎవరైనా ఊరకే తీసుకుపొమ్మంటే ముట్టుకునేవాడు కాదు.

“ఊరకే తీసుకున్న ఎంటిక చేతబడికి పోతాది. బదులిచ్చి తీసుకున్నదే సవరానికి వస్తాది” అనేవాడు. “సూది చేతిలో పెట్టినాక ఆ ఎంటిక ఇచ్చినోళ్ళది కాదు. తీసుకున్నోళ్ళది.”

ఈ మాట గుర్తుపెట్టుకోండి. నా కాపురం ఈ మాట మీదే నిలబడింది.

ఆంధ్రప్రదేశ్ వచ్చిన మూడో ఏడు నాకు పెళ్ళి కుదిరింది. నా పేరు సుబ్బలక్ష్మమ్మ. పెళ్ళికొడుకు సిద్దయ్య, పులివెందుల వాళ్ళు, వ్యవసాయశాఖలో ఫీల్డ్‌మ్యాన్. పైరుకు ఏ పురుగు పట్టిందో చూసి రైతులకు మందు చెప్పే ఉద్యోగం. పెళ్ళిచూపులకు వచ్చి, నన్ను చూడకుండా మా గోడ మీద పోతున్న చీమలబారును చూస్తూ కూర్చున్నాడు. పోయేటప్పుడు మాత్రం తలెత్తి, మీ ఇంట్లో చీమలు మంచి బలంగా ఉన్నాయి అన్నాడు. మా పెద్దమ్మ శివమ్మ — అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే — ఈ అబ్బికి కొంచెం తిక్క ఉన్నట్టుంది అంది. నాకు మాత్రం ఆ మనిషి నచ్చాడు. ఈ వయసులో చెప్పుకోవడానికి సిగ్గెందుకు, చాలా నచ్చాడు.

ఆయన తల్లి తిరుపాలమ్మ అట్లా కాదు. ఆమె నా మొగం చూసింది తక్కువ, జడ చూసింది ఎక్కువ. జడను చేతిలోకి తీసుకుని, బరువు చూసి, పిల్ల మాకు నచ్చింది అంది.

లగ్నం పెట్టుకున్నాక నాకు టైఫాయిడ్ వచ్చింది. జమ్మలమడుగు మిషన్ ఆసుపత్రిలో నెలరోజులు ఉండి బతికి బయటపడ్డాను. ప్రాణం దక్కింది, జుట్టు దక్కలేదు. దువ్వెన పెడితే కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది. పెళ్ళి దగ్గరపడేసరికి నా తల కోత కోసిన జొన్నచేను మాదిరి తయారైంది. ఊడినదంతా పీడ పోవాలని పెద్దమ్మ పెన్నలో కలిపేసింది. అది దాచి ఉంటే ఈ కథే లేదు.

ఈ సంగతి తిరుపాలమ్మకు తెలిస్తే సంబంధం తప్పిపోతుంది. నాకు రాత్రుళ్ళు అదే ఏడుపు. పెద్దమ్మ దస్తగిరి మామను పిలిపించి, ఒక మేకపిల్లను ఇస్తాను, ఈ పిల్ల పాతజడ ఎట్లా ఉండేదో అట్లా సవరం కట్టివ్వు, మూడో కంటికి తెలియనియ్యొద్దు అంది. మామ ఒప్పుకున్నాడు. మూడుపాయల సవరం. రెండు పాయలు బాగా కుదిరాయి. మూడో పాయకు కావలసిన గుప్పెడు వెంట్రుకలు లేకపోయాయి.

గుప్పెడంటే గుప్పెడే. పెద్దమ్మవి కలుపుదామంటే నెరిసిన వెంట్రుకలు. ఊళ్ళో అడుగుదామంటే ఎందుకని అడుగుతారు. తెల్లారితే పెళ్ళి, పదకొండు గంటలకు ముహూర్తం. కట్టిన రెండు పాయలూ మా ఇంట్లో పెట్టి, గుప్పెడు వెంట్రుకల కోసం మామ పెళ్ళికి ముందురోజు పొద్దున్నే జమ్మలమడుగు పోయాడు. ఇల్లిల్లూ తిరిగాడు. ఆయన కంటే మూడు రోజుల ముందే ఇంకో సవరాలాయన వచ్చి చూరులన్నీ ఖాళీ చేసిపోయాడట. అడుగుతూ అడుగుతూ ఆఖరి బస్సు కూడా పోగొట్టుకున్నాడు.

ఇక్కడ మా ఊళ్ళో మగపెళ్ళివాళ్ళు దిగారు. కోడలిని చూస్తానని తిరుపాలమ్మ నేరుగా లోపలికి వస్తుంటే పెద్దమ్మ గడపకు అడ్డం నిలబడి, మా ఇండ్లల్లో పెళ్ళికూతురి తల ముహూర్తం దాకా బయటివాళ్ళకు చూపించం, ఇది మా ఆచారం అంది. ఆ ఆచారం వయసు అప్పటికి అరగంట. తిరుపాలమ్మ ముక్కు మీద వేలేసుకుని విడిదింటికి పోయింది.

అక్కడ మామ లాంతరు వెలిగించుకుని పాత బండ్లబాట పట్టాడు. మధ్యాహ్నం ఎవరింట్లోనో జొన్నరొట్టె, ఎర్రకారం తిన్నాడు. నోరంతా ఎండిపోయింది. చంద్రుడు అప్పటికే గుంకాడు. నక్క అరిచింది — ఒకటే అనుకుందాం. రెండు పక్కలా చేలల్లో కీచురాళ్ళు అరుస్తున్నాయి... నడుస్తున్నాడు... అరుస్తున్నాయి... నడుస్తున్నాడు...

అరుపు ఆగిపోయింది.

తలుపు మూసినట్టు ఆగిపోయింది. మామ కూడా ఆగిపోయాడు. లాంతరు పైకెత్తి చూస్తే ఎదురుగా జడలబావి గట్టు.

దెయ్యమంటే ఆయనకు భయమే. కానీ దాహం ముందు దెయ్యమెంత. బిస్మిల్లా అనుకుని మెట్లు దిగాడు. ఒకటి... రెండు... మూడు... పదో మెట్టు మీద ఉండగా కింద చప్పుడైంది.

తప్...

నిలబడిపోయాడు. ఊపిరి బిగబట్టి విన్నాడు. ఏమీ లేదు. ఇంకో మెట్టు దిగాడు. పాదం మీదుగా ఏదో సర్రున పోయింది.

తప్...

కాళ్ళు వణుకుతున్నాయట. అయినా ఎందుకు దిగావు మామా అంటే, పైకి ఎక్కాలన్నా అవే కాళ్ళు కదా అంటాడు. ఆఖరి మెట్టు దగ్గర వంగి, దోసిట్లో నీళ్ళు తీసుకోబోయి, లాంతరు కిందికి దించాడు.

నీళ్ళలో, మెట్టుకు ఆనుకుని... వెంట్రుకలు.

నల్లగా, సన్నగా, నిగనిగలాడుతూ, ఒక ఉండగా చుట్టుకుని ఉన్నాయి. ఒక వెంట్రుక కొస మాత్రం విడిగా ఉంది. అది అటు తిరిగింది. ఇటు తిరిగింది. గాలి లేదు.

మామ తిరిగి ఎక్కడం మొదలుపెట్టాడు. మూడు మెట్లు గబగబా ఎక్కాడు. నాలుగో మెట్టు మీద ఆగాడు.

అక్కడ ఇంకెవరైనా ఉంటే పరుగు లంకించుకునేవాళ్ళు. కానీ ఆయన ముప్పై ఏళ్ళుగా వెంట్రుకల మనిషి. భయపడుతున్న కంటితోనే సరుకు చూశాడు. జానకు పైమాటే ఉంటుంది. కాటుక నలుపు. ఒక్క తెల్లదీ లేదు. అన్నిటికంటే ముఖ్యం... గుప్పెడు ఉంది.

కోసెడు దూరంలో ఒక పిల్ల బోడితలతో ఏడుస్తూ కూర్చుని ఉంది. ఇక్కడ గుప్పెడు జుట్టు ఎవరికీ పనికిరాకుండా పడి ఉంది. చచ్చినామె జుట్టైతే ఏం, ఎవరి జుట్టైనా ఊడినాక చచ్చినదే కదా అని తనకు తాను చెప్పుకున్నాడట. కానీ నియమం ఒకటి ఉందే. ఊరకే తీసుకోకూడదు. మనుషుల దగ్గరే ఊరకే తీసుకోనివాడు దెయ్యం దగ్గర తీసుకుంటాడా.

మళ్ళీ దిగాడు. వ్యాపారానికి పద్ధతి ఉంది కాబట్టి, గుసగుసగా రాగం తీశాడు.

“చిక్కెంటికలకు... సూదులమ్మా...”

బావి ఏమీ అనలేదు. మామ చెవులు రిక్కించి నిలబడ్డాడు. చాలాసేపటికి...

తప్...

అది ఒప్పుకున్నట్టా, తిట్టినట్టా? వ్యాపారస్తుడు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకున్నాడు. రేకుడబ్బాలోంచి రెండు మంచి సూదులు ఏరి, ఎర్రగుడ్డ పేలికకు గుచ్చి, మెట్టు మీద పెట్టాడు. కళ్ళు మూసుకుని చెయ్యి నీళ్ళలో పెట్టి ఉండను తీశాడు. గుర్రంతోక వెంట్రుకల మాదిరి బిరుసుగా తగిలింది. నీళ్ళు తాగే సంగతి మర్చిపోయాడు. ఉండను తడి తువాలులో చుట్టి, సంచిలో వేసుకుని, పద్దెనిమిది మెట్లు తొమ్మిది అంగల్లో ఎక్కాడు.

బాటలో కొంతదూరం వచ్చాక చూపుడువేలుకు ఏదో బిగుసుకున్నట్టనిపించింది. ఉండలోంచి ఊడిన వెంట్రుక ఒకటి వేలికి ఉంగరంలా చుట్టుకుని ఉంది. చిక్కుకుంది కాబోలు అనుకుని లాగాడు. అది ఇంకొంచెం బిగుసుకుంది. దాన్ని ఎట్లాగో వదిలించి సంచిలో పడేశాడు. అప్పుడు వీపు మీద సంచి కదిలింది.

అక్కడి నుంచి మా ఇంటిదాకా ఆయన నడవలేదు.

మా పెరటి తలుపు మీద గోటితో గీరాడు. పెద్దమ్మ లోపలికి తీసుకుని గడియ పెట్టింది. నేను మూలన కూర్చుని ఉన్నాను, తలకు గుడ్డ చుట్టుకుని. పక్కనే మంగళస్నానానికని పసుపు వేసి నింపి పెట్టిన గంగాళం.

“దొరికినాయా?” అంది పెద్దమ్మ గుసగుసగా.

“దొరికినాయి.”

“ఎవురివి?”

మామ లాంతరు ఆర్పి పక్కన పెట్టాడు. “తలంటుకున్న మనిషివే” అన్నాడు.

సంచి కింద పెట్టి తువాలు విప్పాడు. దీపం వెలుతురులో వెంట్రుకల ఉండ నిగనిగలాడింది. పెద్దమ్మ మొగం విప్పారింది. దేవుడు మనల్ని మర్చిపోలేదు అంటూ చెయ్యి చాపింది.

ఒక వెంట్రుక తలెత్తింది.

తలెత్తి, పెద్దమ్మ వైపు చూసినట్టు చూసి, మెల్లగా గంగాళం వైపు తిరిగింది.

“అమ్మీ... గాలి వస్తాందేమో, తలుపు సూడు” అంది పెద్దమ్మ. తలుపు వేసే ఉంది.

ఇంకో వెంట్రుక కదిలింది. ఇంకోటి. ముడి దానంతట అది విడిపోతోంది. ఎవరో కనపడని ఆడమనిషి కూర్చుని, ఓపికగా చిక్కు తీసుకుంటున్నట్టుంది. మామ గోడకు అతుక్కుపోయాడు.

అప్పుడు సంచిలోంచి ఒక కీచురాయి బయటికొచ్చింది. బావి మెట్ల మీద సంచిలోకి ఎక్కినట్టుంది. దీపం దగ్గరకు పోలేదు, చీకటి మూలకూ పోలేదు. ఎవరో వెనక నుంచి తోస్తున్నట్టు తడబడుకుంటూ తిన్నగా గంగాళం దగ్గరకు పోయి, అంచు ఎక్కి, ఒక్క క్షణం ఆగి... దూకింది.

తప్...

నీళ్ళలో అది కాళ్ళు కొట్టుకుంటుంటే దాని తోకవైపు నుంచి ఒక నల్లటి వెంట్రుక బయటికి రావడం మొదలుపెట్టింది. వస్తోంది... వస్తోంది... కీచురాయి బొటనవేలి గోరంత లేదు. వెంట్రుక జానెడు వచ్చినా ఇంకా వస్తూనే ఉంది.

పెద్దమ్మ పెట్టిన కేక పులివెందుల దాకా వినిపించి ఉండాలి. కేక పెడుతూనే జొన్నల గాదె ఎక్కేసింది. మోకాళ్ళ నొప్పులని నాలుగేళ్ళుగా పీట కూడా ఎక్కని మనిషి. నేను లేచి తలుపు వైపు ఉరికాను. తలగుడ్డ గాదె మేకుకు తగులుకుని ఊడిపోయింది. గడియ తీసేసరికి ఎదురుగా సిద్దయ్య.

ఊరంతా నిద్రపోతుంటే పెళ్ళికొడుకు పందిట్లో పెట్రోమాక్స్ దీపం కింద కూర్చుని, వాలిన పురుగులను అగ్గిపెట్టెలో పెట్టుకుంటున్నాడట. కేక విని ముందు వచ్చింది అతనే. నన్ను దాటుకుని లోపలికి వచ్చి, గాదె మీద పెద్దమ్మను చూసి, గోడకున్న మామను చూసి, చివరికి గంగాళంలోకి చూశాడు. గొంతుక్కూర్చున్నాడు. మొగం దీపం పెట్టినట్టు వెలిగిపోయింది.

“దీన్ని పుస్తకంలో చదివినా గానీ, ఎప్పుడూ చూడలేదప్పా” అన్నాడు.

మామ నోట బావి సంగతంతా విని, మాకు పాఠం చెప్పాడు. అవి వెంట్రుకలు కావు, పురుగులు. చిన్నప్పుడు కంటికి ఆనవు. కీచురాయి తిండితో పాటు కడుపులోకి పోయి, అక్కడే చుట్టలు చుట్టుకుని పెరుగుతాయి. పెద్దయ్యాక వాటికి నీళ్ళు కావాలి, జతకట్టేదీ గుడ్లు పెట్టేదీ నీళ్ళలోనే. కీచురాయికి ఈత రాదు, మామూలుగా నీళ్ళ జోలికి పోదు. కానీ కడుపులో ఉన్నది దాని బుద్ధి తిప్పేస్తుంది. అరుపు తగ్గిపోతుంది. తిరుగుడు మొదలవుతుంది. నీళ్ళు కనబడితే దూకేస్తుంది. అది మునుగుతుంటే ఇది బయటికొచ్చి, తన జాతివాటితో ముడిపడి కూర్చుంటుంది. బావి దగ్గర కీచురాళ్ళు అరవనిదీ అందుకే, తప్ తప్ చప్పుడూ అందుకే.

“ఆ బాయిలో దెయ్యముండేది నిజమే మామా” అన్నాడు. “కాకుంటే అది పట్టేది మనుషుల్ని కాదు, కీచురాళ్ళను.”

పెద్దమ్మ గాదె మీద నుంచే దండం పెట్టింది. మామ ఊపిరి వదిలాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలుగా ఎవరి కంట పడకూడదని ఏడ్చానో, ఆ మనిషి ముందే బోడితలతో నిలబడి ఉన్నాను. ఆయన పురుగు తల ఎటువైపో తోక ఎటువైపో చూసుకుంటున్నాడు గానీ నా తల చూడలేదు. ఇంత సిగ్గూ వృథా పోయింది.

“ఇదో” అన్నాను. “ఈడ కూడా ఎంటికలు లేవు. చూడు.”

అప్పుడు చూశాడు. పైనుంచి కిందికి, మళ్ళీ పైకి.

“జొరమా?” అన్నాడు.

“టైఫాయిడ్డు.”

“బతికినావు కదా” అన్నాడు.

అంతే. ఆ తర్వాత ఈ అరవై ఏళ్ళలో ఆయన నాతో ఎన్నో మాటలు మాట్లాడాడు, ముప్పాతిక వంతు పురుగుల గురించే. ఈ ఒక్క మాట మాత్రం నేను పెట్టెలో దాచుకున్నాను.

కానీ తన తల్లికి తెలియకూడదన్నాడు. ఆమెకు జడంటే ప్రాణం, పెళ్ళి ఆపించి పోయినా పోతుంది. సవరం సంగతి విని, ఇంకెంత తక్కువ అని ఆయన అడిగితే మామ పిడికిలి బిగించి చూపించాడు. దూరంగా కోడి కూసింది.

మామకు హఠాత్తుగా ఇంకో సంగతి గుర్తొచ్చింది. తను ఇచ్చింది సూదులు. వచ్చింది వెంట్రుకలు కాదు, పురుగులు. కాబట్టి బేరం చెల్లదు. సరుకు తిరిగి ఇచ్చేసి తన సూదులు తాను తెచ్చుకోవాలి. ఎవరితో బేరమని పెద్దమ్మ అడిగితే, ఎవరితోనైనా బేరం బేరమే అన్నాడు. ఆ బావి చూడాలని సిద్దయ్యకు కాలు నిలవడం లేదు. పురుగులన్నిటినీ ఒక చెంబులో నీళ్ళు పోసి అందులో వేసుకున్నాడు. తెల్లవారుజామున చెంబు పట్టుకుని పోయే మగవాణ్ణి ఏ ఊళ్ళోనూ ఎవరూ ఎక్కడికని అడగరు కదా.

ఇక ముందు చెప్పేది మామ ఒక్కడి మాట కాదు. మా ఆయనా చూశాడు. ఆయన అబద్ధం చెప్పడు, అందుకు కావలసిన ఊహ ఆయనకు లేదు.

వెలుగు రేకలు విచ్చుకునేసరికి ఇద్దరూ బావి దగ్గరున్నారు. పైనుంచి పదిహేడు మెట్లూ ఎండి ఉన్నాయి. ఆఖరి మెట్టు ఒక్కటే తడిగా ఉంది. మా ఆయన కూర్చుని చెంబులో పురుగులను మెల్లగా నీళ్ళలోకి వదిలాడు. మామ సూదుల కోసం తడిమాడు.

సూదులు లేవు. ఎర్రపేలిక కూడా లేదు.

వాటి చోట ఒక వెంట్రుకల ఉండ ఉంది. మా ఆడవాళ్ళు చూరులో దోపడానికి చుట్టినట్టే, వేలికి చుట్టి, కొస లోపలికి మడిచి పెట్టి ఉంది. సరిగ్గా గుప్పెడు.

మా ఆయన వెంటనే అన్నాడట — ఎవరో ఆడమనిషి నీళ్ళకొచ్చి, సూదులు చూసి, పద్ధతి తెలిసింది కాబట్టి వెంట్రుకలు పెట్టి పోయి ఉంటుంది. మామ పై మెట్ల వైపు చూశాడు. ఆ బావికి నీళ్ళకు ఎవరు వస్తారు? వస్తే మాత్రం, పై మెట్ల మీద ఒక్క తడి అడుగైనా ఉండాలి కదా?

మా ఆయన ఉండను చేతిలోకి తీసుకున్నాడు. వెలుతురులో పెట్టి చూశాడు. ఒక్కో వెంట్రుకనూ లాగి, గోటితో గీకి, కదులుతుందేమోనని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. వాసన చూశాడు. సీకాయ వాసన.

“మామా” అన్నాడు మెల్లగా. “ఇది ఎంటికే.”

ఇద్దరూ ఆ ఉండను తీసుకుని ఊరిదాకా వచ్చారు. ఇంతసేపు ఎక్కడున్నావురా అని తిరుపాలమ్మ అడిగితే, కడుపు బాగలేదమ్మా అన్నాడు మా ఆయన. పాపం ఆమె నమ్మి, పెళ్ళికొడుక్కి ముహూర్తం దాకా వాముకషాయం తాగించింది.

మామ తొమ్మిది గంటలకల్లా మూడో పాయ కట్టాడు. ఒక్క వెంట్రుక మిగల్లేదు, ఒక్కటి తక్కువ కాలేదు. పెద్దమ్మ నా తలకు ఉన్న కాస్త జుట్టుకు దాన్ని బిగించి, చుట్టూ పూలు కప్పేసింది. పందిట్లో తాళి కట్టించుకుని లేస్తుంటే తిరుపాలమ్మ పక్కకు వచ్చి, అనుకున్నట్టే జడను చేతిలోకి తీసుకుంది. బరువు చూసింది.

“ఇదంతా నీదేనా పిల్లా?” అంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎదురుగా పందిరి గుంజ పక్కన దస్తగిరి మామ నిలబడి ఉన్నాడు. ఆయన రెండు వేళ్ళు కలిపి సూది పట్టుకున్నట్టు చూపించాడు. బదులిచ్చి తీసుకున్నది తీసుకున్నవాళ్ళదే.

“నాదే అత్తా” అన్నాను. అది అబద్ధం కాదు.

“ముందరికంటే బరువెక్కినాదే” అని ఆమె మురిసిపోయింది. ఆ మురిపెంతోనే బతికి, ఆ మురిపెంతోనే పోయింది. ఆమె లేదు కాబట్టి ఈ కథ ఇప్పుడు చెబుతున్నాను.

ఏడాది తిరక్కుండా నా జుట్టు నాకు మొలిచింది. సవరం మాత్రం ఇప్పటికీ నా పెట్టెలో ఉంది. రెండు పాయలు రంగు తగ్గి ఎర్రబారాయి. మూడోది కాటుక నలుపు. ఏటా కార్తీకంలో ఎండకు తీసి వేలాడదీస్తే, ఆ పాయ మిగతా రెండిటికంటే వేలెడు కిందికి దిగి ఉంటుంది. సమంగా కత్తిరించి లోపల పెడతాను. మరుసటేడు తీస్తే మళ్ళీ వేలెడు. ఆ రెండు పాయల దారం ముడుచుకుపోతోంది, అంతే అంటాడు మా ఆయన. అయితే కొలిచి చూద్దామా అంటే మాత్రం వద్దంటాడు.

ఆ కార్తీకంలోనే ఒకరోజు ఇద్దరం ఆ బావి దగ్గరకు పోయి వస్తాం. పురుగులను చూడటానికి పోతున్నానని ఆయన అందరికీ చెబుతాడు. నేను ముసలిదాన్ని, ఒక్కోసారి మర్చిపోతాను. జేబులో రెండు సూదులు, ఎర్రగుడ్డ పేలికకు గుచ్చినవి, మర్చిపోకుండా పెట్టుకుని వచ్చేది ఆయనే.